దొంగనోటు భారము గుమాస్తాదేనా?

దొంగనోటు అచ్చువేసినవాడు ఒకడు, మార్చినవాడు మరొకడు. దాని వెల చెల్లిస్తున్నది మాత్రము రైల్వే బుకింగు కిటికీ వెనుక గుమాస్తా, తపాలా కౌంటరులో డిపాజిట్లు పుచ్చుకొనే సోదరి. బ్యాంకు ఆ నోటుపై ముద్రకొట్టి ఉంచుకొంటుంది. లెక్కలో లోటు పడుతుంది. ఆ లోటును ఉద్యోగి నోరు మెదపక తన జేబునుండి పూడుస్తాడు. ఇది అన్యాయమని, నియమవిరుద్ధమని మేము ప్రకటిస్తున్నాము.

ద్రవ్యములోని నష్టమును బలహీనునిపై నెట్టుట పాత రివాజే. మొగలుల కాలమున సూరత్ టంకశాలలో విదేశీ వర్తకుల వెండి రూపాయలుగా మారేది. ముద్రించిన ఏడు గడిస్తే చాలు, ఆ రూపాయికి షరాబు వట్టము కోసేవాడు. వెండి అదే, చేతికి వచ్చేది తక్కువ. 1835లో కంపెనీ ప్రభుత్వము 180 గ్రెయిన్ల ఏకరూప రూపాయిని తెచ్చిన తరువాత వట్టమునకు కాలము చెల్లింది గాని, నష్టమును క్రిందికి నెట్టు బుద్ధి చావలేదు.

2016 నవంబరు 8న 500, 1000 నోట్లను రద్దు చేసినప్పుడు దొంగనోట్ల నిర్మూలన కూడ ఒక కారణముగా చెప్పబడింది. సూరత్ మరమగ్గాలలో కూలిని నగదుగా పుచ్చుకొనే మన తెలంగాణ నేతకార్మికులు వరుసలలో నిలువవలసి వచ్చింది. కౌంటరుకు ఇవతల ఆ ఒత్తిడిని మోసినది మన సభ్యులే. ఫలితమేమి? రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు తిరిగి వచ్చినవని రిజర్వు బ్యాంకే 2018లో తెలిపింది. 2024-25లో సుమారు 2.17 లక్షల దొంగనోట్లు పట్టుబడగా, అందులో సగానికి పైగా కొత్త 500 నోట్లే!

"చూచి పుచ్చుకోవద్దా?" అని అధికారులు అడుగుతారు. 500 నోటును వంచితే దారము రంగు ఆకుపచ్చనుండి నీలమునకు మారాలి. వెలుతురుకు పట్టితే నీటిగుర్తు కనబడాలి. అంచులలోని ఐదేసి గీతలు వ్రేలికి తగలాలి. ఇవి మాకు తెలియనివి కావు. బండి వచ్చే వేళకు కిటికీ ముందు యాభైమంది నిలిచియుండగా ప్రతి నోటుకు ఈ పరీక్ష చేయుటకు వ్యవధి ఏది? పరీక్షాయంత్రమును, తగిన సిబ్బందిని ఇవ్వనివారికి నిర్లక్ష్యమనే మాట పలికే హక్కు లేదు.

జీతమునుండి వసూలు ఒక శిక్ష. తపాలా ఉద్యోగులకు వర్తించు 1965 నియమావళి 11వ నియమము, రైల్వే ఉద్యోగుల 1968 నియమావళి 6వ నియమము ఆ మాటే చెప్పుచున్నవి. నిర్లక్ష్యము వలన గాని ఆజ్ఞల ఉల్లంఘన వలన గాని కలిగిన నష్టమునకే అది చెల్లును. ముందు లిఖితపూర్వక నోటీసు, సమాధానమునకు అవకాశము ఇచ్చి తీరాలి. "గుట్టుగా కట్టివేయుము" అను నోటిమాటకు ఏ నియమములోను చోటు లేదు.

సభ్యులకు ఒక హెచ్చరిక. బదిలీపై వెళ్ళుచు స్కూటరో కుట్టుమిషనో అమ్ముకొనేవారు చీకటివేళ నగదు పుచ్చుకోరాదు. కొన్నవానిచేతనే బ్యాంకులో మీ ఖాతాకు కట్టించండి. ఫోనులో చెల్లించినానని బొమ్మ చూపితే నమ్మక, మీ ఖాతాను మీరే చూచుకొనండి. సొమ్ము పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య అక్కరలేదు. దొంగనోటు చేతబడితే ఇంకొకరికి అంటగట్టకండి. తెలిసి మార్చుట 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 179వ సెక్షను క్రింద నేరము. బ్యాంకులో ఇచ్చి రసీదు పుచ్చుకొనండి.

మా కోరికలు మూడు: ప్రతి నగదు కౌంటరుకు పరీక్షాయంత్రము, విచారణ లేని వసూళ్ళకు స్వస్తి, నిర్లక్ష్యము రుజువు కానప్పుడు నష్టమును శాఖయే భరించుట. నోటిమాటపై ఒక్క రూపాయి కూడ కట్టకండి. లిఖిత ఉత్తరువు అడగండి, దాని నకలు యూనియను శాఖకు అందజేయండి. ఒంటరిగా కట్టిన సొమ్ము లోటుపద్దులో కలిసిపోతుంది. అందరము కూడి అడిగినప్పుడే అది హక్కు అవుతుంది.