నల్ల చాకు, అన్నయ్య బొటనవేలు

గత సంచికలో ప్రెషర్ కుక్కరు గాస్కెట్టు గురించి రాస్తే చాలామంది బాగుందన్నారు. ఒక సోదరి మాత్రం, "బ్యాంకు వారు వడ్డీ లెక్కలు మానేసి వంటింట్లోకి దూరారేమిటి?" అని చమత్కరించారు. వడ్డీ లెక్కలు ఆఫీసులో ఎలాగూ తప్పవు. ఈ పేజీని చేతిపనికే ఉంచుకుందాం. ఈసారి మడత చాకు సంగతి. దీని పుణ్యమా అని నా చూపుడువేలికి మూడు కుట్లు పడ్డాయి. కాబట్టి కాస్త ఓపిగ్గా చదవమని మనవి.

మా అన్నయ్య తిరుత్తణిలో ఉంటాడు. ఆయన పుట్టేనాటికి ఆ తాలూకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. హద్దు మారినా మా ఇంట్లో మాట మారలేదు, అన్నయ్య జేబులో చాకు ఉండే అలవాటూ మారలేదు. పెరట్లో నాలుగు జామచెట్లు, ఒక మల్లెపందిరి, అరటి పిలకలు ఉన్నాయి. ఆకు కోయాలన్నా, పందిరికి పురికొస తెంచాలన్నా, మనవరాలికి జామకాయ ముక్కలు చెయ్యాలన్నా ఆ చాకే. నిరుడు అది కాస్తా బావిలో పడిపోయింది.

ఆ సమయానికే మా అక్క కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. విమానంలో చేతిసంచీలో చాకు తేనివ్వరు గనుక పెద్ద పెట్టెలో పెట్టి తెచ్చాడు. పిడి నలుపు, బ్లేడు నలుపు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. తీరా చూస్తే అన్నయ్య బొటనవేలికి అది లొంగలేదు. ఆయనకు కీళ్లనొప్పులు. రెండు రోజులు అవస్థపడి, "ఒరే, దీన్ని తెరవాలంటే ఇద్దరు మనుషులు కావాల్రా. ఒకడు పట్టుకోవాలి, ఇంకొకడు లాగాలి" అన్నాడు నవ్వుతూ. కానీ జామకాయ కోయడానికి కోడల్ని పిలిచి చాకు తెరిచి ఇమ్మని అడుగుతున్నప్పుడు ఆయన ముఖం చూశాను. అందులో నవ్వు లేదు. "నాకివ్వు, నేను చూస్తాను" అని దాన్ని తిరువళ్ళూరు తెచ్చేశాను.

తెచ్చాక చేసిన తప్పులు రెండు. మొదటిది, ఇంట్లో ఉంది కదా అని ఇరుసులో కొబ్బరినూనె పోశాను. మూడు రోజులు బ్రహ్మాండంగా తిరిగింది. అప్పుడు ధనుర్మాసం. మా వైపు ఆ నెల తెల్లవారుజామున కొబ్బరినూనె సీసాలోనే గడ్డకడుతుంది. సుమారు 24 డిగ్రీల కిందికి వస్తే చాలు, అది పేరుకుంటుంది. చాకులోనూ అదే జరిగింది, మునుపటికంటే ఎక్కువ బిగిసింది. రెండోది ఇంకా పెద్ద తప్పు. కోపం వచ్చి ఇరుసు స్క్రూను బాగా వదులు చేశాను, లాకు ఆనుకునే చోట కూడా నూనె రాశాను. బ్లేడు పూలదండలా ఊగింది. గట్టి జామకాయ కోస్తుంటే లాకు జారి బ్లేడు నా వేలిమీదికే మూసుకుంది. "బ్యాంకు లాకరు గదికి ఇద్దరు ఆఫీసర్ల తాళాలు కావాలంటారు, చాకు మాత్రం మీ ఒక్కరి చేతికే ఇచ్చారు" అంది మా ఆవిడ, ఆస్పత్రికి బయల్దేరుతూ.

కట్టు విప్పిన వారం తిరుత్తణి వెళ్లాను. కొండకు 365 మెట్లు. మెట్ల మొదట్లో క్షౌరం చేసే ఒక పెద్దాయన తండ్రినాటి మంగలికత్తి దాచుకున్నాడు. ఇప్పుడు పనికి సగం బ్లేడు పెట్టుకునే పిడులే వాడుతున్నా, దాన్ని నాకు తెరిచి చూపించాడు. ఆలోచిస్తే మన ఊళ్లలో అందరికంటే పాత మడత చాకు మంగలికత్తే కదా! రెండు వేళ్లతో తాకితే తెరుచుకుంది, వదిలితే ఉన్నచోటే నిలిచింది. నా చాకు తీసుకుని ఇరుసు దగ్గర గోటితో గీకి చూశాడు. గోటికి నల్లటి మడ్డి అంటింది. "అయ్యా, నా కత్తికి రాసుకునే చోట నున్నటి ఉక్కు. మీదానికి అక్కడ కూడా రంగే. రంగు మీద ఇరుసు తిరగదు" అన్నాడు. జబ్బు ఏమిటో అక్కడ తెలిసింది.

ఈ పూత ఎందుకు వేస్తారంటే, ముఖ్యంగా తుప్పు పట్టకుండా, రెండోది మెరుపు లేకుండా. ఇందులో రకాలున్నాయి. రసాయనంలో ముంచి నల్లబరిచేది ఒకటి. శూన్యంలో ఆవిరిగా చేసి అతికించేది ఇంకొకటి. ఇది చాలా గట్టిది, మందం కొద్ది మైక్రాన్లే. తల వెంట్రుక మందం 50 మైక్రాన్లకు పైనే ఉంటుందంటే ఎంత పలచనో చూడండి. మూడోది రంగులా చల్లి వేడిలో ఆరబెట్టేది, ఇది కాస్త మందం. పలచటి పూత కింద ఉక్కును ముందే గరుకు చేసి ఉంటే ఆ గరుకు అలాగే పైకి వస్తుంది. మందపు పూతయితే పొడిగా రాలి, నూనెతో కలిసి మడ్డి అవుతుంది. ఇరుసుకు రెండు వైపులా ఉండే కంచు లేక నైలాన్ వాషర్లు ఈ గరుకు మీద, ఈ మడ్డిలో రాసుకుంటూ తిరగాలి. ఇదొక్కటే కాదు. చాలా చాకుల్లో లాకు రేకు మీద ఆవగింజంత ఉక్కు గుండు ఉంటుంది. మూసినప్పుడు బ్లేడు జేబులో తెరుచుకోకుండా పట్టి ఉంచేది అదే. తెరిచేటప్పుడు అది బ్లేడు మొదలు మీద పూతను గీసుకుంటూ పోతుంది. కొత్తలో కరకరమనే చప్పుడు దానిదే.

ఇక వైద్యం. విప్పకుండానే మొదలుపెట్టండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు వేసి, చాకును అందులో పదిసార్లు తెరిచి మూయండి. మంచి నీళ్లతో కడిగి, జుట్టు ఆరబెట్టే మిషనుతో లోపలి తడి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత కుట్టుమిషను నూనె ఇరుసుకు రెండు వైపులా ఒక్కొక్క చుక్క, గుండు నడిచే దారిలో ఒక చుక్క. లాకు ఆనే చోట మాత్రం నూనె వద్దు. వంటనూనెలు ఏవీ వద్దు.

ఆ తర్వాత స్క్రూ. నక్షత్రం గుర్తున్న దీనికి సరిపడే స్క్రూడ్రైవరు హార్డువేరు షాపులో దొరుకుతుంది. ఒక చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే వదులు చేసి చూడండి. బ్లేడును పక్కలకు కదిపితే ఊగకూడదు. ఊగితే మళ్లీ బిగించండి. స్క్రూ అసలు కదలకపోతే బలవంతం చేయకండి. లోపల జిగురు ఉండవచ్చు, కాస్త వేడి తగిలిస్తే వదులుతుంది.

అసలు మందు ఓపిక. రోజూ రాత్రి వార్తలు వచ్చేటప్పుడు, చేతికి మందపాటి తొడుగు వేసుకుని, వేళ్లు బ్లేడు దారిలో లేకుండా చూసుకుని, యాభై సార్లు తెరిచి మూశాను. ఊరిన నల్లమడ్డి గుడ్డతో తుడిచి మళ్లీ ఒక చుక్క నూనె. నాలుగో రాత్రికి గుండు నడిచే దారిలో వెండితీగలాంటి గీత తేలింది. అది చూసి చాకు పాడైందని కంగారుపడకండి, దారి పడిందని అర్థం. మా బి.కాం. పాఠాల్లో తరుగుదలను ఎప్పుడూ ఖర్చు వైపే రాసేవాళ్లం. ఇరుసు చుట్టూ గోరంత మేర పూత అరగడం మాత్రం జమ వైపు రాసుకోవచ్చు. తొమ్మిది రాత్రుల్లో పని అయింది.

అప్పటికీ లొంగకపోతేనే విప్పడం. విప్పితే చాలా కంపెనీలు గ్యారంటీ ఇవ్వవని ముందే తెలుసుకోండి. 2000 నంబరు నీటికాగితాన్ని అద్దం పలక మీద పరిచి, తడిపి, వాషరు ఆనే భాగం మాత్రం నున్నగా అయ్యేదాకా రుద్దాలి. లాకు ఆనే అంచును, గుండు కూర్చునే గుంటను ముట్టుకోవద్దు. పూత పోయిన చోట తుప్పు పట్టే అవకాశం ఉంది గనుక అక్కడ నూనెతడి ఎప్పుడూ ఉండాలి.

మీ ఇంట్లో చెక్కపిడి ఫ్రెంచి ఒపినెల్ చాకు ఉంటే దాని బిగువు వేరు. తడికి చెక్క ఉబ్బడం వల్ల వచ్చేది, నీడలో ఆరబెడితే తగ్గుతుంది. ఎర్రపిడి స్విస్ చాకుల్లో బిగువు స్ప్రింగుది. వాటికి శుభ్రం చేసి నూనె వేయడమే, బిగువు తగ్గించాలని చూడకూడదు.

చివరగా ఒక పరీక్ష. మూసిన చాకును మెత్తటి గుడ్డ పరిచిన బల్ల పైన, బ్లేడు కిందికి వచ్చేలా పట్టుకుని విదిలించండి. బ్లేడు బయటికి రాకూడదు. చాకు మనం తెరిస్తే తెరుచుకోవాలి, తనంతట తాను తెరుచుకోకూడదు. నా వేలిమీది మచ్చ నేర్పిన పాఠం ఇదే.

ఆ ఆదివారం అరక్కోణం మీదుగా లోకల్ బండిలో వెళ్లి చాకు అన్నయ్యకిచ్చాను. ఏమీ మాట్లాడలేదు. బొటనవేలు ఆనించి తోశాడు, తెరుచుకుంది. మూశాడు, మళ్లీ తెరిచాడు. పెరట్లోకి వెళ్లి జామకాయ కోసుకొచ్చి, ముక్కలు చేసి మనవరాలికి, కోడలికి, నాకు పంచాడు. "నీ వేలు ఎట్లుందిరా?" అని అప్పుడు అడిగాడు.

వచ్చే సంచికలో తాళంకప్పల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.