తొందర లేని పాట

అభిమాన గాయకుడెవరని అడిగితే మన కాలేజీలో ఘంటసాల అనో, బాలసుబ్రహ్మణ్యం అనో ఠక్కున చెప్తారు. యెవ్వరూ ఆశ్చర్యపోరు. నేను మాత్రం యెం.డి. రామనాథన్ అంటే "ఆయనెవరండీ?" అని ఒకరూ, "ఆ నిద్రపుచ్చే పాటా?" అని మరొకరూ అంటారు. ఇరవై యేళ్ళుగా వింటున్నదీ మాటే. అందుకే ఈ నాలుగు ముక్కలు.

రామనాథన్ 1923లో పాలక్కాడు ప్రాంతపు మంజప్రలో పుట్టారు. డిగ్రీ ముగించుకుని మద్రాసు చేరి, కళాక్షేత్రంలో టైగర్ వరదాచారి గారికి శిష్యులయ్యారు. ఆపైన అక్కడే పాఠాలు చెప్పారు. తాను రాసిన కృతుల్లో 'వరదదాస' అంటూ గురువు పేరునే ముద్రగా వేసుకున్నారు. 1974లో పద్మశ్రీ వచ్చింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు మాత్రం రాకుండానే 1984లో కన్నుమూశారు.

ఆయనది మంద్రమైన గొంతు. శ్రుతి బాగా కింద. నడక విలంబం. పదానికీ పదానికీ నడుమ తీరిగ్గా ఆగుతారు. ఆ ఖాళీలో తంబురా వినబడుతుంది. కచేరీ అంటే స్వరాల వడగళ్ళవాన, చప్పట్ల హోరు అనుకునేవారికి ఇదంతా బద్ధకంగా తోస్తుంది. బద్ధకం కాదు. తాళం నెమ్మదించిన కొద్దీ దెబ్బకీ దెబ్బకీ మధ్య యెడం పెరుగుతుంది. ఆ యెడంలో లయ తప్పకుండా నిలవడమే కష్టం. వేగంలో చిన్న తప్పు కొట్టుకుపోతుంది, నెమ్మదిలో బయటపడుతుంది. స్పోర్ట్స్ డే నాడు సైకిలు నెమ్మదిగా తొక్కే పందెం చూసినవాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతి తెలుగు. త్యాగరాజ కృతుల్ని మనం తెలుగువాళ్ళమై వుండీ రాగం పేరుతో గుర్తుపెట్టుకుంటాం గానీ, మాట వినం. పరుగున పాడితే యే పదం యెక్కడ విరిగిందో తెలియదు. సహాన రాగంలోని 'గిరిపై' కృతి తీసుకోండి. కొండమీద కొలువైన రాముణ్ణి కన్నానంటాడు త్యాగయ్య. ఒళ్ళు పులకరించి, కళ్ళు ఆనందంతో చెమర్చి, మాట్లాడబోతే మాట రాక కలవరపడ్డానంటాడు. అది చూసి రాముడు పది పూటల్లో కాపాడతానన్నాడట. 'పూట' మన యింట్లో రోజూ పలికే మాటే. పూట భోజనం, పూట కూలి. తన చివరి రోజుల్ని ఆ మాటతో లెక్కపెట్టుకున్న మనిషి యెంత దగ్గరివాడు! మాట పెగలని వాడి సంగతి హడావిడిగా చెప్తే యెవరు నమ్ముతారు? రామనాథన్ పాడితే నమ్ముతాం. పాలక్కాటి మనిషి నోట నా తెలుగు నాకు వినబడింది.

ఇలాంటి అభిమానం ఒక్క రోజులో పుట్టదు. సినిమా పాట మొదటిసారికే పట్టుకుంటుంది. ఈయన పాట పదోసారికి గానీ తలుపు తీయదు. తీశాక మళ్ళీ మూయదు. ఆయన పోయి నలభై యేళ్ళు దాటినా, ఒకప్పుడు క్యాసెట్లలో, ఇప్పుడు ఫోన్లలో ఆ కచేరీలు చేతులు మారుతూనే వున్నాయి.

మరి మన పోటీల మాటేమిటి? పాటకి అయిదు నిముషాలు. గంట కొట్టేలోగా యెన్ని సంగతులు గుప్పిస్తే అన్ని మార్కులు. ఒక పోటీలో ఓ అమ్మాయి పల్లవిని నింపాదిగా విప్పుతుండగానే గంట మోగింది. ఆ పిల్ల మళ్ళీ వేదిక యెక్కగా నేను చూడలేదు. వేగాన్నే విద్య అని నేర్పితే, రేపు మన పిల్లల్లో యింకో రామనాథన్ వున్నా మనకి తెలియదు.

కనుక విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే. వచ్చే వార్షికోత్సవాల్లో బహుమతులూ గంటా లేని సాయంత్రం ఒక్కటి పెట్టండి. పాడేవాళ్ళు తీరిగ్గా పాడతారు. వినేవాళ్ళు పదిమందే వచ్చినా ఫరవాలేదు. రామనాథన్ గారికి అభిమానులు ఒక్కొక్కరుగానే చేరారు.