గాల్ శిలను మన దీవులలో చదువవలెను

2024లో శ్రీవిజయపురమని పేరు మార్చుకొన్న పోర్టు బ్లెయిరున నివసించు మాబోటివారికి, ఈ దీవుల పూర్వచరిత్ర తెలియుటకు మన శాసనములు మాత్రమే చాలవు. రాజేంద్రచోళుని తంజావూరు శాసనము నక్కవారమును, అనఁగా నికోబారును, జితదేశముల పట్టికలో పేర్కొని ఊరకున్నది. తరువాతి కాలమున సుమత్రానుండి సింహళమునకు ఈ దీవుల ప్రక్కగా సాగిన చీనా నౌకల మాట వినఁదలఁచినవారు, 1911లో సింహళపు గాల్ నగరమున బయల్పడి నేఁడు కొలంబో మ్యూజియములో నున్న శిలాఫలకము నాశ్రయింపవలెను.

శిరోభాగమున రెండు డ్రాగనులు చెక్కఁబడిన ఆ శిల 1409 నాఁటిది. అందలి చీనా పాఠమున చక్రవర్తి పంపిన కానుకలు బుద్ధునికి, తమిళమున తేనవరై నాయనారను విష్ణువునకు, అరిగిపోయిన పారసీకమున అల్లాకు; కానుకలు మాత్రము బంగారము, వెండి, పట్టు, నూనె మొదలుగా ఇంచుమించు ఒక్కటే! చీనా పాఠ మొక్కటే చదివినవాఁడు ఆ చీనా చక్రవర్తిని బౌద్ధభక్తుఁడని తలఁచి తృప్తిపడును. మూఁటిని సరిపోల్చినవాఁడే అందలి రాజనీతిని గ్రహించును. రెండేండ్లకే చీనా నౌకాసేనాని ఝెంగ్ హె సేన సింహళ పాలకుని బంధించి చీనాకుఁ గొనిపోయిన యుద్ధపు నీడయైన నందుఁ గానరాదు.

కావున తడికాగితమును ఱాతికి హత్తి, సిరా అద్ది తీసిన ప్రతి యొకటి తెలుగు, తమిళ అనువాదములతో నిచ్చటి మ్యూజియమున నుంచవలెనని నా విన్నపము.