లాభం కంపెనీది, నష్టం మనదా?



చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం స్టేషన్లలో రైలెక్కి పనికి పోయేవాళ్లు మనలో ఉన్నారు. ఈ రైలు ఎవరి డబ్బుతో వచ్చిందో అడిగినవాళ్లు తక్కువ. మగ్గం ముందు, రీలింగు బేసిను ముందు నిలబడేవాడికి రైలు లెక్కలెందుకు అనుకోవద్దు. జనం సొమ్ముతో వ్యాపారం నడిపి లాభం మాత్రం కొందరే తీసుకునే పద్ధతి అక్కడ బాగా కనిపిస్తుంది.

1849లో ఈస్టిండియా కంపెనీ ఇంగ్లీషు రైలు కంపెనీలతో ఒప్పందాలు చేసుకుంది. భూమి ఉచితం. పెట్టుబడికి ఏడాదికి 5 శాతం వడ్డీ గ్యారంటీ. రాబడి చాలకపోతే తక్కువపడిన సొమ్ము మన పన్నుల నుంచి కట్టాలి. 1864లో బెంగళూరుకు రైలు తెచ్చిన మద్రాసు రైల్వే కంపెనీదీ ఈ గ్యారంటీ పద్ధతే. నష్టభయం లేని షావుకారు ఖర్చు తగ్గించుకుంటాడా? లండనులో వాటాదారుకు వడ్డీ తప్పలేదు, ఇక్కడ రైతుకు శిస్తు తప్పలేదు.

మన సీమకు రైలు మైసూరు సంస్థాన కాలంలో వచ్చింది. ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు అప్పుడు దివాను. 1913లో బౌరింగుపేట, అంటే నేటి బంగారుపేట, నుంచి కోలారుకు రెండున్నర అడుగుల చిన్న పట్టా పడింది. 1915లో యలహంక నుంచి చిక్కబళ్లాపురానికి లైట్ రైల్వే కంపెనీ బండి నడిచింది. 1916లో కోలారు దారి చింతామణి, శిడ్లఘట్ట మీదుగా వచ్చి దానితో కలిసింది. చిన్న పట్టాకు ఖర్చు తక్కువ, మోసే సరుకూ తక్కువే. దాన్ని పెద్ద పట్టాగా మార్చి 2013లో కోలారు–చిక్కబళ్లాపురం మధ్య మళ్లీ బండ్లు నడిపింది సర్కారు సొమ్ముతోనే. బాగేపల్లికి మాత్రం ఇప్పటికీ రైలు లేదు. లాభం కనిపించని ఊరికి కంపెనీ రాదు. అక్కడికి రావలసింది సర్కారే.

అమెరికాలోనూ ఇదే కథ. 1827లో పుట్టిన బాల్టిమోర్–ఒహాయో రైలు కంపెనీలో బాల్టిమోర్ నగరం, మేరీలాండ్ రాష్ట్రం వాటాలు కొన్నాయి. జనం సొమ్ముతో నిలదొక్కుకున్న ఆ కంపెనీ 1877లో వాటాదారులకు 10 శాతం డివిడెండు ఇచ్చింది, కార్మికుల కూలిలో 10 శాతం కోసింది. జూలైలో మార్టిన్స్‌బర్గ్ కార్మికులు బండ్లు ఆపేశారు. సమ్మె దేశమంతా పాకింది. సైన్యం దిగింది, సుమారు వందమంది ప్రాణాలు పోయాయి.

నేడు బట్టల ఫ్యాక్టరీలకు సర్కారు పెట్టుబడి సబ్సిడీ, వడ్డీ రాయితీ ఇస్తున్నది. పరిశ్రమ రావాలి, మనం కాదనం. కానీ జనం సొమ్ము తీసుకున్న మిల్లు ఎంత తీసుకున్నదో గేటు దగ్గర నోటీసు బోర్డులో రాయాలి. డివిడెండు పంచిన ఏడాది కూలి కోయరాదు. వేతన చర్చలకు కూర్చున్నప్పుడు మన ప్రతినిధులు ముందుగా ఆ లెక్క అడగాలి.

లెక్క అడగడం మన హక్కు!