వేటగాడి పెట్టె

పెళ్ళికి పోయే మనిషి పెట్టె చూసి ఆ పెళ్ళి యెంత దగ్గరిదో చెప్పవచ్చునంటారు మా యింటి ఆడవాళ్ళు. పట్టుచీరలు రెండుంటే సొంత మనుషుల పెళ్ళి. ఒకటే వుంటే అక్షింతలు వేసి మరుసటి బస్సుకు తిరిగి వచ్చే పెళ్ళి. వేటకు పోయేవాడి పెట్టె కూడా అటువంటిదే. ఆయన దేనికోసం పోతున్నాడో ఆయన నోటికంటే ముందు పెట్టె చెప్పేస్తుంది.

యీ ప్రస్తావన యెందుకు వచ్చిందంటే, నా దగ్గర చదువుకున్న కుర్రవాడొకడు టెక్సాస్‌లో వుద్యోగం చేస్తున్నాడు. సొంతవూరు మా నందికొట్కూరుకు పక్కన మిడుతూరు మండలంలో ఒక పల్లె. మొన్న ఫోను చేసి, "సార్, ఆఫీసు స్నేహితులతో అర్జెంటీనా పోతాండాం, గువ్వల వేటకు. తెచ్చుకోవల్సిన సామాను పట్టీ పంపినారు. మీరు పిట్టలంటే ప్రాణం పెడతారు గదా, ఒకసారి చూసి చెప్పండి సార్" అన్నాడు. యేళ్ళ తరబడి సంధులూ సమాసాలూ చెప్పుకుంటున్న నన్ను తుపాకి సామాను గురించి సలహా అడిగినవాడు వీడొక్కడే. గురువుకు తెలియని విషయం వుండదని యింకా నమ్మే శిష్యులు మిగిలినందుకు సంతోషించి, పట్టీ పంపించమన్నాను.

చదివాను. చెవులకు రెండంచెల రక్షణ: లోపల దూర్చుకునే బిరడాలు ఒక జత, పైన తొడుక్కునే డిప్పలు ఒక జత. కళ్ళకు పగలని అద్దాలు. చేతులకు పలచని తోలు తొడుగులు, తుపాకి గొట్టం కాలిపోతుంది గనుక. భుజానికి కట్టుకునే మెత్త. ఆకుల రంగు చొక్కాలు, అంచున్న టోపీ, దోమల మందు. తుపాకి అక్కడే అద్దెకు దొరుకుతుందట. సొంత తుపాకి మోసుకుపోతే రెండు దేశాల కాగితాలూ చూపించుకోవాలి గనుక చాలామంది అద్దెకే మొగ్గు చూపుతారట.

ఆ భుజం మెత్త దగ్గర నా చూపు ఆగింది. నాలుగు పిట్టలు కొట్టేవాడికి భుజానికి మెత్త యెందుకు? విచారిస్తే తెలిసింది. అర్జెంటీనాలో కోర్డోబా అనే రాష్ట్రం. జొన్న, మొక్కజొన్న, గోధుమ విస్తారంగా పండే నేల. పొలాల మధ్య ముళ్ళ అడవులు. తిండికి గింజలు, గూటికి ముళ్ళకొమ్మలు, తాగడానికి నీళ్ళు. గువ్వకు యింకేం కావాలి? యేడాదికి పలుమార్లు గుడ్లు పెట్టి కోట్లలోకి పెరిగినవి. రైతు వాటిని పంటకు పట్టిన చీడ అంటాడు. అందుచేత యిన్నే కొట్టాలన్న పరిమితి లేదు. ఒక మనిషి ఒక్కరోజులో వెయ్యి తూటాలు కాల్చడం అక్కడ వింత కాదు. వెయ్యిసార్లు తుపాకి వెనక్కు తన్నితే భుజం మరి కందదా?

పట్టీ రెండోసారి చదివినప్పుడు మరొక సంగతి తోచింది. అందులో వున్న వస్తువులలో ముప్పాతికవంతు వేటగాణ్ణి తన తుపాకి నుంచి తాను కాపాడుకోవడానికే! గువ్వ యేం తింటుంది, యెప్పుడు కదులుతుంది, యెలా పిలుస్తుంది అన్న జ్ఞానానికి పనికివచ్చే వస్తువు ఒక్కటి లేదు. అవసరమూ లేదు. తల యెత్తి కాలిస్తే చాలు.

కుర్రవాడితో నీతులు మాట్లాడలేదు. వాళ్ళ చట్టం వొప్పుకుంటుంది. అక్కడి రైతు బాధ రైతుది. మా వూళ్ళో జొన్నచేను మీద పిట్టలు వాలితే వడిసెల తిప్పని రైతు వున్నాడా? ఒక్కటి మాత్రం అడిగాను: "వెయ్యి కొట్టినాక వాటినేం చేస్తార్రా?" కాసేపు మాట్లాడలేదు. "అది పట్టీలో రాయలేదు సార్" అన్నాడు. కడప నుంచి రాయచోటికి పోయే దారిలో గువ్వలచెరువు అని వూరుంది, పాలకోవకు పేరు. ఆ పేరు జ్ఞాపకం చేద్దామనుకుని వూరుకున్నాను. ఆ తరువాత వాడు పోయినాడో లేదో నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

కాని ఆ పట్టీ నన్ను వదలలేదు. యిప్పుడు మనవాళ్ళు వేటకు సముద్రాలు దాటుతున్నారు. ఒకప్పుడు సముద్రాలు దాటి వేటకు మన దగ్గరికే వచ్చేవారు. వాళ్ళ పెట్టెలలో యేముండేది?

జెర్డాన్ అనే దొర వుండేవాడు. 1830లలో మద్రాసు సైన్యంలో వైద్యుడుగా వచ్చి, నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసి, 1862-64 మధ్య మన దేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం వెలువరించిన పండితుడు. ఆ కాలపు పక్షి పండితుల పెట్టె తెరిస్తే మందు కూరి పేల్చే తుపాకి, యీకలు చెడకుండా చిన్న పిట్టలను పడగొట్టడానికి సన్న సీసపు గుళ్ళు, చర్మం వొలిచే చిన్న కత్తులు, లోపల కూరడానికి దూది, పురుగు పట్టకుండా పూయడానికి పాషాణం కలిపిన సబ్బు వుండేవి. దుర్భిణీలు యింకా మోటుగా వుండిన రోజులు. పిట్టను గుర్తు పట్టాలంటే ముందు చంపాలి! వినడానికి కష్టంగా వున్నా, యీనాడు మన చేతిలో వున్న పక్షుల పుస్తకాలన్నిటికీ పునాది ఆ పాషాణపు సబ్బే. అయితే జెర్డాను దగ్గర యింకొక సామాను కూడా వుండేది, బరువు లేనిది. యే పక్షి దొరికినా దాని తెలుగు పేరు, తమిళం పేరు స్థానికులను అడిగి రాసుకునే అలవాటు. తెలుగు వాచకం చెప్పుకునేవాణ్ణి గనుక ఆ ఒక్క గుణానికి ఆయనకు సగం తప్పులు క్షమిస్తాను.

అందరూ జెర్డానులు కారు. మన బట్టమేక పక్షి సంగతే చూడండి. మీటరు యెత్తు, మగది పదిహేను కిలోల దాకా తూగే పక్షి. బయలు నేల మీద, గూడయినా కట్టకుండా, సాధారణంగా యేడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. మహారాష్ట్రలోని అహమద్‌నగర్ ప్రాంతంలో ఒక ఇంగ్లీషు దొర 1809 మొదలు 1829 దాకా ఒక్కడే 961 బట్టమేకలను కొట్టినట్టు లెక్క వుంది. లెక్క అంత జాగ్రత్తగా రాసుకున్నవాడి పెట్టెలో ఒక పుస్తకమూ కలమూ తప్పక వుండి వుంటాయి. వాటి వుపయోగం మాత్రం జెర్డాను వుపయోగం కాదు.

తమాషా యేమంటే, బట్టమేకను కొట్టడానికి కావలసిన అసలు సామాను యే దొర పెట్టెలోనూ లేదు. కాలినడకన పోయే మనిషిని అది అల్లంత దూరాన చూసి జారుకుంటుంది. గుర్రం మీద పోయినా అంతే. కాని యెద్దులబండి వస్తే బెదరదు! బండి అంటే రోజూ పొలంలో కనబడేదే గదా. ఆ కిటుకు తెలిసిన దొరలు తుపాకి బండిలో పెట్టుకుని, రైతులాగా తిన్నగా పోకుండా, చుట్టూ తిరుగుతూ దగ్గర పడేవారు. విలాయతు తుపాకి వుంటే సరిపోలేదు. మన రైతు బండి కావలసి వచ్చింది. నా శిష్యుడి తాతగారు అదే బండి మీద చేనుకు పోతుంటే పక్కనే బట్టమేకలు మిడతలు యేరుకుంటూ తల అయినా యెత్తేవి కావట. ఆయన దగ్గర తుపాకి లేదు. యెద్దుల మెడలో గంటలు మాత్రం వుండేవి.

మన పాత వేటకు కూడా యిదే లక్షణం. పెద్దన మనుచరిత్రలో స్వారోచి వేట చదివినవారికి తెలుసు, వేట వర్ణన మన ప్రబంధకవులకు యెంత యిష్టమైన పనో. వలలు, వురులు, కుక్కలు, డేగలు. విజయనగరాన్ని యేలిన ఒక వంశానికి సాళువ అన్న పేరే డేగ పేరు. వేటకోసం మరిగించి యెరగా నిలిపే పిట్టకు దీమం అని చక్కని మాట వుంది. కౌజును పట్టాలంటే దీమపు కౌజును పెంచాలి, అది యేవేళ కూస్తుందో, అడవిలోనిది దానికి యెట్లా జవాబిస్తుందో తెలియాలి. అదంతా దయ అని నేననను. చంపడానికి నేర్చుకున్న విద్యే. కాని పిట్టను యెరగకుండా ఆ విద్య రాదు.

డేగ మాట వచ్చింది గనుక మరొకటి. 1978లో సౌదీ రాజకుమారుడొకరు డేగలు వెంటపెట్టుకుని రాజస్థాన్‌లోని జైసల్మేరు యెడారిలో వేటకు దిగారు. పక్షిప్రియులూ, విద్యార్థులూ వీధిలోకి వచ్చి గగ్గోలు చేశారు. వేట ఆగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అప్పటికే వున్నది గాని, చట్టానికి నోరు రావడానికి జనం గొంతు కావలసి వచ్చింది. ఆ గొడవ పుణ్యమా అని బట్టమేక పేరు దేశమంతటా వినబడింది.

యిక మా సీమ కథ. జెర్డాను వల్ల లోకానికి తెలిసిన పక్షి ఒకటుంది; 1848లో దానికి శాస్త్రనామం పెట్టారు. మనవాళ్ళు కలివికోడి అంటారు, కలివిపొదల మధ్య తిరుగుతుంది గనుక. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తరువాత మళ్ళీ యెవరికీ కనబడలేదు. పండితులు వచ్చారు, పగలంతా వెతికారు, అంతరించి పోయిందని నిట్టూర్చి వెళ్ళారు. చివరకు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పక్షి బొమ్మ అచ్చువేసి పల్లెపల్లెకూ చూపించారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లె పరిసరాలలో ఒక వేటగాడు దాన్ని పట్టి తెచ్చాడు. యెలా పట్టాడు? రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. కలివికోడి రాత్రి తిరిగే పక్షి! ఎనభై అయిదేళ్ళు విద్వాంసులకు అందని రహస్యం బజారులో దొరికే టార్చిలైటుతో తేలిపోయింది. టార్చి విద్వాంసుల దగ్గరా వుండే వుంటుంది. యెప్పుడు వెలిగించాలో వేటగాడికి తెలుసు. పాపం, పట్టుబడిన పక్షి కొద్ది కాలానికే చనిపోయింది. 1988లో దాని బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చింది.

అదే 1988లో మా పక్కన రోళ్ళపాడును అభయారణ్యం చేశారు. అరణ్యం అన్న మాట చూసి చెట్లు వూహించుకోకండి. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డినేల. బట్టమేకకు కావలసింది అదే. 1980లలో సొసైటీ వారు అక్కడ మకాం వేసి యేళ్ళ తరబడి ఆ పక్షిని పరిశీలించారు. యిప్పుడు రోళ్ళపాడులో బట్టమేక కనబడడం లేదు. యీ మధ్య కాలంలో తుపాకి చంపిందీ కాదు. చుట్టూ నీళ్ళు వచ్చాయి, పైర్లు మారాయి, పడావు భూములు పోయాయి. దేశం మొత్తం మీద అడవిలో మిగిలినవి నూటయాభై లోపే నంటారు, అందులో చాలా భాగం రాజస్థాన్‌లో. అక్కడేమో కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి. ఆ పక్షికి పక్కచూపు యెక్కువ, ముందుచూపు తక్కువ. బరువైన శరీరంతో యెగురుతూ తీగ కనబడ్డాక తప్పుకోలేదు. నా క్లాసులో పిల్లలకు బట్టమేక అంటే బోర్డు మీద బొమ్మ.

అయినా రోళ్ళపాడుకు పెట్టె సర్దుకోమనే చెబుతాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడికి విదేశాల నుంచి అతిథులు వస్తారు, పెట్టె బేడా లేకుండా. పిల్లిగద్దలు. మధ్య ఆసియాలోని కజకస్థాన్ వంటి గడ్డి మైదానాల నుంచి వచ్చి, పగలంతా చేల మీద మిడతలను వేటాడి, సాయంత్రం గడ్డిలో గుంపుగా పడుకుంటాయి. మిడతలకోసం మిడుతూరు ప్రాంతానికి రావడంలో మంచి ఔచిత్యమే వున్నది!

సామాను కొద్దిగానే కావాలి. అటవీశాఖ వారి అనుమతి ముందుగా. యెనిమిదింతలు చూపే దుర్భిణీ యింటికొకటి చాలు. పిల్లలు వంతులకోసం కొట్లాడుకుంటే కొట్లాడుకోనివ్వండి, చప్పుడు మాత్రం వద్దు. బట్టలు మట్టి రంగువి. ఆడవాళ్ళు యెర్రచీర యింటి దగ్గర వుంచి రావాలి. చెప్పులు పనికిరావు, పల్లేరుకాయలు అడుగు నుంచి దూరి వస్తాయి. మూసిన బూట్లు వేసుకుంటే గడ్డి గింజలు మేజోళ్ళలో గుచ్చుకుంటాయి, అది తప్పదు. వానలు పడిన మరునాడయితే అసలు పోవద్దు. నల్లరేగడి కాలికి అంటుకుని ఒక్కొక్క బూటు రెండు సేర్లు తూగుతుంది. నీళ్ళు మనిషికి రెండు సీసాలు. జొన్నరొట్టె, సెనక్కాయల పొడి కట్టుకోండి. అక్కడ అంగడి వుంటుందనుకోవద్దు. ఫోనులో పక్షి కూతలు వినిపించే సరదా మానుకోవాలి. పేర్లు రాసుకోవడానికి నోటుబుక్కు, పెన్సిలు; యే గొర్రెల కాపరి అయినా యెదురయితే ఆయన ఆ పిట్టను యేమంటాడో అదీ రాసుకోవాలి.

నాలుగున్నరకల్లా చేరి గాలికి యెదురుగా, గడ్డికి దూరంగా కూర్చోండి. మొదట ఒకటి వస్తుంది, నేలకు రెండు బారల యెత్తున తేలుతూ. తరువాత అయిదు, పది. టార్చి జేబులోనే వుండాలి, కారు చేరేదాకా వెలిగించరాదు. పొద్దు గూకిన తరువాత కూడా కాసేపు దిగుతూనే వుంటాయి. ఆఖరుది దిగేదాకా యెవరూ లేవకండి.