మ్యాట్రిక్స్ రస్ట్ ఎస్‌డీకేలో ఏ పనికి ఏ పొర వాడాలన్న విషయమై తీర్మానం

మన సభ్యుల ఫోన్ యాప్, ప్రశ్నలకు జవాబిచ్చే బాట్, ఇప్పటికే నడుస్తున్న వెబ్ క్లయింటు, ఈ మూడింటికీ మ్యాట్రిక్స్ రస్ట్ ఎస్‌డీకేనే ఆధారం. ఆ లైబ్రరీ ఒకే ముద్ద కాదు. అడుగున సందేశాల రూపాలను నిర్వచించే రూమా, ఎన్‌క్రిప్షన్ లెక్కలు చేసే వోడోజెమాక్ ఉన్నాయి. వాటి మీద నెట్‌వర్క్ జోలికి పోని క్రిప్టో క్రేట్ (రస్ట్‌లో ప్యాకేజీని క్రేట్ అంటారు), దాని మీద బేస్, ఆపైన పూర్తి క్లయింటుగా పనిచేసే మ్యాట్రిక్స్ ఎస్‌డీకే, అన్నిటికీ పైన టైమ్‌లైన్‌నూ రూమ్‌ల జాబితానూ సిద్ధం చేసి ఇచ్చే యూఐ క్రేట్.

చిన్న పనికి చిన్న క్రేట్ చాలనుకుని బాట్‌ను నేరుగా క్రిప్టో క్రేట్ మీద కట్టాం. ఆ క్రేట్ తానుగా ఏదీ పంపదు, ఏదీ తెచ్చుకోదు. పంపవలసిన రిక్వెస్టులను మన చేతికిస్తుంది. వాటిని పంపి, వచ్చిన జవాబును మళ్లీ దానికే అప్పజెప్పాలి. సింక్‌లో వచ్చిన రూమ్ కీలు డిస్కులో భద్రమయ్యాకే తర్వాతి సింక్ టోకెన్ వాడాలి. మన కోడ్ ఆ వరస తప్పింది. కొత్త టోకెన్‌తో అడిగితే పాతవి అందినట్టే లెక్కగట్టి సర్వర్ వాటిని తీసేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో బాట్ ఆగిపోతే కీ ఇటు మన దగ్గరా ఉండదు, అటు సర్వర్ దగ్గరా ఉండదు. అలా సభ్యులు నమ్మకంతో అడిగిన ప్రశ్నలు బాట్ చదవలేనివైపోయాయి. ఇది లైబ్రరీ లోపం కాదనీ, పొర ఎంపికలో మన పొరపాటేననీ ఈ సమావేశం అంగీకరిస్తున్నది.

కాబట్టి ఇకపై ఏ పనైనా పై పొర నుంచే మొదలుపెట్టాలని తీర్మానించడమైనది. కిందికి దిగదలచినవారు, పైన కుదరనిదేమిటో, దిగితే కొత్తగా మన నెత్తిన పడే బాధ్యతలేమిటో రాతపూర్వకంగా ఇచ్చి అనుమతి పొందాలి.

ఫోన్ యాప్‌కు యూఐ క్రేట్ వాడాలి. మ్యాట్రిక్స్ ఫోన్ క్లయింట్లైన ఎలిమెంట్ ఎక్స్ యాప్‌లు కోట్లిన్, స్విఫ్ట్‌ల నుంచి యూనిఎఫ్ఎఫ్ఐ ద్వారా నడుస్తున్నది ఈ దారినే. దిద్దిన సందేశం, రియాక్షన్, కీ ఆలస్యంగా అందిన సందేశం వంటివాటిని సరైన చోట కూర్చడం ఎంత కష్టమో చేసి చూసినవారికే తెలుసు; ఆ పనిని ఈ క్రేటే చూసుకుంటుంది.

టైమ్‌లైన్ చూపే తెర అవసరం లేదు గనుక బాట్‌ను మ్యాట్రిక్స్ ఎస్‌డీకే క్రేట్ మీదికి మార్చాలి. ఎస్‌క్యూలైట్ స్టోర్ తప్పనిసరి. మెమరీ స్టోర్‌తో నడిపితే ఆపి మళ్లీ లాగిన్ చేసిన ప్రతిసారీ కొత్త డివైస్ పుడుతుంది, పాత కీలు పోతాయి.

వెబ్ క్లయింటుకు జావాస్క్రిప్ట్‌లో నెట్‌వర్క్ కోడ్ ముందే ఉంది గనుక, అక్కడ మాత్రమే క్రిప్టో క్రేట్‌ను వెబ్ అసెంబ్లీ రూపంలో వాడవచ్చు. సింక్ మధ్యలో ప్రోగ్రామును చంపి చూసే పరీక్ష నెగ్గనిదే ఆ కోడ్ విడుదల కారాదు.

వోడోజెమాక్‌ను ఎవరూ నేరుగా పిలవరాదు. 2022లో లీస్ట్ అథారిటీ సంస్థ దాన్ని ఆడిట్ చేసిన మాట నిజమే. ఆ ఆడిట్ ఆ క్రేట్ కోడ్‌కు వర్తిస్తుంది, దాన్ని పిలిచే మన కోడ్‌కు వర్తించదు.

పై పొరతో కంపైల్ సమయం పెరుగుతుందని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. అది వాస్తవమే. అవసరంలేని ఫీచర్లను కార్గోలో ఆపి తగ్గించుకోవాలని, సందేశాలు పోగొట్టుకోవడం కన్నా కొన్ని నిమిషాల నిరీక్షణ మేలని సమావేశం భావించింది. ఆయన అభిప్రాయాన్ని మినిట్స్‌లో నమోదు చేసి, తీర్మానాన్ని మెజారిటీతో ఆమోదించడమైనది. బాట్ మార్పిడి పూర్తయ్యేదాకా దాన్ని రూమ్‌ల నుంచి తప్పించి, ఆ సంగతి సభ్యులకు తెలియజేసే బాధ్యత కార్యదర్శిది.