కాటా పోయిన సరుకు: పాత కుస్తీ టేపుల వ్యాపారం

గోనెసంచికి గిరాకీ తగ్గినంత మాత్రాన లోపలి మిర్చి ధర పడిపోయిందని గుంటూరు యార్డులో ఏ వర్తకుడూ అనడు. అమెరికాలో వృత్తి కుస్తీ పోటీల పాత టేపుల విషయంలో మాత్రం చాలామంది ఈ పొరపాటే చేశారు. డి.వి.డి.ల అమ్మకాలు ఏటేటా పడిపోతుంటే పాత కుస్తీకి ఇక కాలం చెల్లిందని తేల్చారు. నిజానికి సరుకు అలాగే ఉంది. చూసేవారూ ఉన్నారు. పోయింది కాటా ఒక్కటే. అయితే కాటా పోవడంతో పాటు, తూకం మీద లెక్కగట్టే వాటాలు కూడా పోయాయి. ఈ వ్యవహారంలో వర్తకులు, బ్రోకర్లు శ్రద్ధగా గమనించవలసింది ఈ రెండవ విషయమే.

ముందుగా సరుకు స్వభావం తెలియాలి. క్రికెట్ మ్యాచ్ స్కోరు తెలిసిన మర్నాటికి పాతబడుతుంది. వృత్తి కుస్తీ అలా కాదు. ఎవరు గెలవాలో ముందే నిర్ణయించుకుని ఆడే ఆట కనుక, ఫలితం తెలిసినంత మాత్రాన అది చెడిపోదు. అది నాటకం వంటిది. పాత్రధారి, అతని మాట, ఆ రోజు జనం వేసిన ఈలలు - ఇవే అసలు సరుకు. అందువల్ల పసుపు కొమ్ము మాదిరిగా ఇది నిల్వకు తట్టుకుంటుంది. నిల్వ ఉంచినవాడు లేకపోవడమే తొలినాళ్లలో వచ్చిన చిక్కు.

చెరిపివేసిన టేపులు

1980ల తొలినాళ్ల వరకు అమెరికాలో కుస్తీ వ్యాపారం ప్రాంతాలవారీగా సాగింది. మిన్నియాపోలిస్‌లో ఒక నిర్వాహకుడు, డల్లాస్‌లో మరొకడు, మెంఫిస్‌లో ఇంకొకడు. ఎవరి హద్దులు వారివి. స్థానిక టెలివిజన్ స్టేషనులో వారం వారం వచ్చే కార్యక్రమం వారికి సరుకు కాదు, ప్రకటన మాత్రమే. ఆ వారం హాలులో టిక్కెట్లు తెగడానికి అది పనికివచ్చేది. టేపు ఖరీదైన వస్తువు. అందుచేత ప్రసారమైన కార్యక్రమాన్ని చెరిపి, దాని మీదనే మరొకటి రికార్డు చేయడం పరిపాటి. అలా ఎన్ని గంటల సరుకు పోయిందో లెక్క కట్టే వీలు లేదు. మిగిలినది కేవలం అదృష్టవశాత్తు మిగిలింది.

వీడియో క్యాసెట్ వచ్చాక ఈ చెత్తకు వెల వచ్చింది. మొదటి రెసిల్‌మేనియా 1985 మార్చి 31న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. అదే సంవత్సరం నాటి డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. పోటీలు కొలీజియం వీడియో అనే పేరున క్యాసెట్లుగా అద్దె దుకాణాలకు చేరసాగాయి. తర్వాత డి.వి.డి. వచ్చింది. రిక్ ఫ్లెయిర్ పోటీల సంకలనం 2003లో, ఇ.సి.డబ్ల్యు. సంస్థ ఎదుగుదల, పతనాలపై తీసిన చిత్రం 2004లో వెలువడ్డాయి. పాత టేపులను ఏరి, కూర్చి, పెట్టెలో పెడితే కొనేవారు ఉన్నారని ఇవి రుజువు చేశాయి.

అమెరికాలో అన్ని రకాల డి.వి.డి.ల అమ్మకాలు 2005లో సుమారు 1,600 కోట్ల డాలర్లకు చేరి, అక్కడి నుండి దిగజారాయి. 2018 నాటికి 220 కోట్ల డాలర్లే మిగిలాయి. పెద్ద దుకాణ సంస్థ బెస్ట్ బై 2024లో డిస్కుల అమ్మకమే మానివేసింది. ఈ ఏరులో కుస్తీ డి.వి.డి. కూడా కొట్టుకుపోయింది. ఇందులో కుస్తీ తప్పేమీ లేదు.

ఒకే కొనుగోలుదారు

డి.వి.డి. ఇంకా ఊపు మీద ఉన్న రోజుల్లోనే ఈ సరుకు చాలావరకు ఒకే గోదాములోకి చేరింది. అందుకు నాంది 2001 మార్చి. టెడ్ టర్నర్ 1988లో జిమ్ క్రాకెట్ కుటుంబం నుండి కొన్న కుస్తీ సంస్థ డబ్ల్యు.సి.డబ్ల్యు.గా పేరు పొంది, ఒక దశలో విన్స్ మెక్‌మాన్ సంస్థను మించి వీక్షకులను రాబట్టింది. 2000 సంవత్సరంలో అది ఆరు కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినట్లు వార్తలు వచ్చాయి. టర్నర్ చానళ్ల కొత్త యాజమాన్యం కుస్తీకి ప్రసార సమయం రద్దు చేసింది. కొనడానికి సిద్ధపడిన మరొక వర్గం, ప్రసారం లేని కుస్తీ ఎందుకని తప్పుకున్నది. చివరికి మెక్‌మాన్ సంస్థ వాణిజ్య చిహ్నాలు, టేపుల నిల్వతో సహా దానిని సుమారు 25 లక్షల డాలర్లకు దక్కించుకున్నది.

వేలంలో ఒక్కడే నిలబడితే పాట ఎక్కడ ఆగుతుందో వర్తకులకు చెప్పనక్కరలేదు. ఆ ధర టేపుల విలువ కాదు, ఆ రోజు పోటీదారు లేకపోవడం వల్ల పలికిన ధర. ఆ తరువాత 2003లో ఇ.సి.డబ్ల్యు., మిన్నియాపోలిస్ కేంద్రంగా 1991 వరకు నడిచిన ఎ.డబ్ల్యు.ఎ. టేపులు అదే గోదాము చేరాయి. తరువాతి సంవత్సరాలలో డల్లాస్‌కు చెందిన వరల్డ్ క్లాస్, బిల్ వాట్స్ నడిపిన మిడ్-సౌత్ టేపులు కూడా అదే దారి పట్టాయి. డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వద్ద నిల్వ లక్ష గంటలు దాటింది.

గుంపగుత్త బేరం

2014 ఫిబ్రవరి 24న డబ్ల్యు.డబ్ల్యు.ఇ. నెట్‌వర్క్ ప్రారంభమైంది. నెలకు 9.99 డాలర్లు చెల్లిస్తే చాలు, ప్రతి నెలా జరిగే పెద్ద పోటీతో పాటు పాత సరుకు కూడా చూడవచ్చునన్నారు. 20 లేక 30 డాలర్లు పోసి ఒక డి.వి.డి. సెట్టు కొనే మనిషికి ఇక ఆ అవసరం లేకపోయింది. కంపెనీయే తన చిల్లర కొట్టు పక్కన టోకు కొట్టు తెరిచి, చిల్లర ధరను తానే పడగొట్టిందన్నమాట. ఏప్రిల్ మొదటి వారానికి చందాదారుల సంఖ్య 6,67,287 అని కంపెనీ ప్రకటించింది.

ఇక్కడ ఒక విశేషం ఉంది. నెట్‌వర్క్ మొదలైన రోజున చందాదారుల ముందు పెట్టినది 1,500 గంటల సరుకు మాత్రమే. గోదాములో లక్ష గంటలకు పైగా ఉంటే, కొట్టులో పరిచింది నూటికి ఒకటిన్నర గంటకు మించలేదు. తరువాత క్రమంగా పెరిగినా, ఏది ఎప్పుడు బయటికి తీయాలో నిర్ణయించేది యజమానే.

ఆ తరువాత బేరం మరింత పెద్దదయింది. 2021 మార్చి 18 నుండి అమెరికాలో ఈ నెట్‌వర్క్ సరుకు పీకాక్ సంస్థకు మారింది. అయిదేళ్లకు 100 కోట్ల డాలర్లకు పైబడిన బేరమని వార్తలు వచ్చాయి. 2024 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌తో పదేళ్లకు 500 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం ప్రకటించారు. 2025 జనవరి నుండి అది అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో భారతదేశంలో కూడా ఈ కుస్తీ నెట్‌ఫ్లిక్స్‌కు చేరింది. మరోవైపు 2024లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. వాల్ట్ పేరున యూట్యూబ్‌లో పాత పోటీలను ఉచితంగానే పెట్టడం మొదలుపెట్టారు.

నెట్‌ఫ్లిక్స్ ఒప్పందాన్ని రోజుల లెక్కన పంచితే రోజుకు 13 లక్షల డాలర్లకు పైగా పడుతుంది. అంటే డబ్ల్యు.సి.డబ్ల్యు. కోసం 2001లో చెల్లించిన సొమ్ము ఈనాటి రెండు రోజుల రాబడికి సరిపోదు. అయితే ఈ పోలికను జాగ్రత్తగా చూడాలి. నెట్‌ఫ్లిక్స్ సొమ్ములో సింహభాగం సోమవారం రాత్రి ప్రత్యక్షంగా ప్రసారమయ్యే 'రా' కార్యక్రమానిదే. పాత టేపులకు అందులో ఎంత? ఆ ఒప్పందంలో పాత సరుకుకు వేరే కాటా చీటీ లేదు. గుంపగుత్త బేరంలో ఏ బస్తా ఎంతకు పోయిందో అమ్మినవాడూ చెప్పడు, కొన్నవాడూ చెప్పడు. ఒకవైపు కోట్ల డాలర్ల బేరంలో భాగం, మరొకవైపు యూట్యూబ్‌లో ఉచితం. ఒకే సరుకుకు ఇంతకన్నా విచిత్రమైన ధరవరలు మరొక మార్కెట్‌లో కనిపించవు.

రైతు వాటా ఏమైంది?

మిర్చికి రైతు ఉన్నట్లు ఈ సరుకుకు మల్లుడు ఉన్నాడు. బరిలో వీపు బద్దలు కొట్టుకున్నది అతడే. క్యాసెట్, డి.వి.డి. రోజులలో అతనికి ఎంతో కొంత రాయల్టీ ఉండేది. ఎన్ని పెట్టెలు అమ్ముడుపోయాయో లెక్క ఉండేది కనుక, వాటా అడగడానికి ఒక ఆధారం ఉండేది.

ఈ ఆధారం ఎంత బలమైనదో జెస్సీ వెంచురా కేసు చూపించింది. తరువాతి కాలంలో మిన్నెసోటా గవర్నరు అయిన ఈ మాజీ మల్లుడు 1980లలో వ్యాఖ్యాతగా పనిచేశాడు. తన గొంతుతో ఉన్న క్యాసెట్లకు రాయల్టీ ఇవ్వలేదని దావా వేశాడు. ప్రధాన ఆకర్షణ అయినవారికే రాయల్టీ ఇవ్వడం తమ పద్ధతి అని కంపెనీ తరఫున అతని ఏజెంటుకు చెప్పారు. అది నిజం కాదని కోర్టులో తేలింది. 1994లో జ్యూరీ అతనికి సుమారు 8 లక్షల డాలర్లు ఇప్పించింది. 1995లో అప్పీలు కోర్టు దానిని ఖాయపరిచింది. అమ్ముడైన క్యాసెట్ల లెక్క ఉండబట్టే ఆ మొత్తం తేల్చడం సాధ్యమైంది.

నెట్‌వర్క్ వచ్చాక ఈ లెక్కకు ఎసరు వచ్చింది. 2016లో రెనే గోగెన్, మార్కస్ బాగ్‌వెల్ అనే ఇద్దరు మాజీ మల్లులు వేర్వేరుగా కనెక్టికట్ ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. తమ పాత పోటీలను నెట్‌వర్క్‌లో చూపుతూ రాయల్టీ ఇవ్వడం లేదన్నది వారి ఫిర్యాదు. వివాదం ఎక్కడ వస్తుందో వర్తకులకు సులభంగా బోధపడుతుంది. డి.వి.డి. విక్రయిస్తే అది అమ్మకం. నెలకు పది డాలర్లు తీసుకుని గోదాము తలుపు తెరిస్తే, అందులో ఒక మల్లుని పోటీ చూడడం 'అమ్మకం' అవుతుందా? అయితే ఎంతకు? బస్తాకు ఇంత అని కమీషన్ రాసుకున్న ఏజెంటు, సరుకంతా గుంపగుత్తగా పోయాక ఏ లెక్కన అడగాలి?

కంపెనీల తరఫు వాదనలో పస లేదని కాదు. చెడిపోతున్న టేపులను శుభ్రం చేసి భద్రపరచడానికి ఖర్చు పెట్టింది వారే. ఎన్నడూ డి.వి.డి.గా అచ్చు కావడానికి నోచుకోని చిన్న ఊళ్ల పోటీలు ఈనాడు ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నారు. ఒకే గోదాములో చేరకపోతే వీటిలో చాలా టేపులు ఎవరి గ్యారేజీలోనో బూజుపట్టి ఉండేవి. ఇవన్నీ ఒప్పుకోవలసినవే. అయితే సరుకును కాపాడినందుకు గోదాము అద్దె ముట్టాలన్నది న్యాయమైతే, పండించినవాడికి వాటా ముట్టాలన్నది కూడా అంతే న్యాయం.

ఏకైక యజమాని చేతిలో మరొక ముప్పు ఉంది. మిర్చిలో తాలు ఏరినట్లు అతడు సరుకును ఏరవచ్చు. పీకాక్‌కు మారిన 2021లో, నేటి అభిరుచికి ఎబ్బెట్టుగా ఉన్నవని కొన్ని ఘట్టాలను తొలగించారు. 1990 నాటి ఆరవ రెసిల్‌మేనియాలో రాడీ పైపర్ సగం ఒంటికి నల్లరంగు పూసుకుని వచ్చిన పోటీ వాటిలో ఒకటి. తొలగించడం తప్పా ఒప్పా అన్నది వేరే ప్రశ్న. డి.వి.డి. కొన్నవాడి బీరువాలో మాత్రం ఆ పోటీ అలాగే ఉంది. అందుకే మళ్లీ అచ్చుకాని కొన్ని పాత డి.వి.డి.లను సేకరణదారులు ఈనాటికీ వెతికి కొంటున్నారు. చిల్లర కొట్టు మూతపడ్డాక మిగిలిన నిల్వకు వచ్చే గిరాకీ ఇది.

తెలుగు వర్తకులకు

ఈ గొడవ ఎక్కడో అమెరికాలోనిదని తీసిపారవేయడానికి వీలు లేదు. 1995లో ఈటీవీ, జెమిని చానళ్లు వచ్చాక పాత తెలుగు చిత్రాల ప్రసార హక్కులకు గిరాకీ పుట్టింది. అంతకు ముందే నెగెటివ్‌తో సహా సర్వహక్కులు రాసిచ్చిన నిర్మాతకు ఆ గిరాకీలో చిల్లిగవ్వ రాదు. సినిమాహాలు లెక్క మీద చేసిన బేరంలో టెలివిజన్ లెక్క ఉండదు. టెలివిజన్ లెక్క మీద చేసిన బేరంలో ఇంటర్నెట్ లెక్క ఉండదు.

కనుక హక్కుల వ్యాపారంలో ఉన్నవారు, అందులో దిగదలచినవారు ఒప్పందంలో కొన్ని మాటలు స్పష్టంగా రాయించుకోవాలి. వాటాను పెట్టెల సంఖ్యకు కాక, ఆ సరుకు మీద ఏ రూపంలో వచ్చిన రాబడికైనా ముడిపెట్టాలి. గుంపగుత్తగా అమ్మే పక్షంలో, ఆ మొత్తంలో తన సరుకు భాగమెంతో ముందే నిర్ణయించాలి. లెక్కలు తనిఖీ చేసే హక్కును చేజారనీయరాదు. 'ఇప్పుడున్న, ఇకముందు రాబోయే అన్ని మాధ్యమాలు' అన్న ఒక్క ముక్క ఎవరి పక్షాన పడుతుందో చూసుకోకుండా సంతకం చేయడం, తూకం చూడకుండా బస్తా దించుకోవడం వంటిదే.

మొత్తం మీద పాత కుస్తీ టేపుల మార్కెట్ పడిపోలేదు. సరుకు నిలకడగా ఉంది. డి.వి.డి. మళ్లీ కోలుకునే సూచన లేదు. కాని డిస్కు పోయిన నష్టం కంపెనీకి తగలలేదు, చూసేవాడికీ తగలలేదు. ముక్కకు ఇంత అని లెక్క పెట్టుకున్నవాడికే తగిలింది. సరుకు రూపం మారే ప్రతి మార్కెట్‌లోనూ తొలి దెబ్బ తినేది అతడే.